ఆయమ్మ లెక్క

2023 జూన్‌లో మొదటిసారి ఆ అంగన్‌వాడీ గడప దాటినప్పుడు నా చేతిలో కొత్త నోటు పుస్తకం ఉంది. ఆయమ్మ నన్నొకసారి, పుస్తకాన్నొకసారి చూసి "రాసుకుంటావా మేడమ్, బిడ్డను పట్టుకుంటావా?" అనడిగింది. రెండూ చేస్తానన్నాను. "ఒగ చేత్తో రెండూ కావులే" అంటూ ముక్కు కారుతున్న మూడేళ్ళ పిల్లాణ్ణి నా ఒళ్ళో కూర్చోబెట్టి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ రోజు నా పుస్తకంలో తేదీ తప్ప ఇంకేమీ లేదు.

నిజానికి నేనక్కడికి వెళ్ళింది పిల్లల మీద ప్రేమతో కాదు. ఆధునిక తెలుగు సాహిత్యంలో మాతృత్వం మీద పరిశోధన చేసి, ఆ థీసిస్‌ని పుస్తకంగా వేసే ప్రయత్నంలో ఉన్నాను. చలం 'బిడ్డల శిక్షణ' దగ్గర్నుంచి స్త్రీవాద కథల దాకా, తల్లి గురించి ఎవరెవరు ఏమన్నారో నాలుగొందల పేజీలు రాశాను. అది చదివిన ఒక మిత్రురాలు "ఇందులో తల్లి ఉంది, బిడ్డ లేదు" అని ఒక్క మాటలో తేల్చేసింది. ఆ మాట చాలా రోజులు గుచ్చుకుంది. బిడ్డలు ఎక్కడుంటారో అక్కడ ఒక ఏడాది కూర్చుందామనుకున్నాను. మదనపల్లెలో ఇల్లు తీసుకుని, మా అమ్మాయిని అక్కడ రెండో తరగతిలో వేసి, అనుమతి తెచ్చుకుని, వారానికి నాలుగు రోజులు హార్స్లీ హిల్స్ కింద ఉన్న ఒక పల్లె అంగన్‌వాడీకి వెళ్ళాను. ఊరి పేరు రాయడం లేదు. ఇందులో వచ్చే మనుషులు అక్కడే పనిచేయాలి, అక్కడే బతకాలి.

పై నుంచి వచ్చేవాళ్ళకి హార్స్లీ హిల్స్ అంటే వేసవి విడిది. నాలుగు వేల అడుగుల ఎత్తున చల్లగాలి, యూకలిప్టస్ చెట్లు, అతిథి గృహాలు. పంతొమ్మిదో శతాబ్దంలో కడప కలెక్టరుగా ఉన్న డబ్ల్యు.డి. హార్స్లీ అక్కడ ఇల్లు కట్టుకున్నాక ఆయన పేరే కొండ పేరయింది. అంతకుముందు అది ఏనుగు మల్లమ్మ కొండ. కింద పల్లెల్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ అలాగే అంటారు. మల్లమ్మ అనే పసిబిడ్డను ఏనుగులు సాకాయని, పెద్దయ్యాక ఆమె కొండ మీది జనానికి జబ్బులు నయం చేసేదని, ఒకనాడు కనబడకుండా పోయిందని కథ. టీచరు ఆ కథ చెబుతుండగా నాలుగేళ్ళ పిల్ల ఒకతె లేచి "మల్లమ్మకి ముడ్డి ఎవురు కడిగినారు?" అనడిగింది. పిల్లలంతా పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. టీచరు మాత్రం నవ్వకుండా "ఏనుగే కడిగింది, తొండంతో నీళ్ళు పోసి" అని చెప్పి కథ ముందుకు నడిపింది. ఇంటికొచ్చాక ఆలోచిస్తే, నా నాలుగొందల పేజీల్లో ఎక్కడా ఎవరూ అడగని ప్రశ్న అది.

ఆ కేంద్రంలో పందొమ్మిది మంది పిల్లలు. ఆరుగురు అర కిలోమీటరు అవతల ఉన్న సుగాలి తండా నుంచి వచ్చేవారు, నలుగురు ఉర్దూ మాట్లాడే ఇళ్ళవాళ్ళు, తక్కినవాళ్ళు పెద్దవీధి, పల్లెవీధి పిల్లలు. పొద్దున తొమ్మిదికి కేంద్రం తెరవాలి. ఆయమ్మ ఎనిమిదికే వచ్చి, ఊడ్చి, నీళ్ళు పట్టి, వీధులెంబడి తిరిగి పిల్లల్ని పోగుచేసుకొచ్చేది. నడవనని మొండికేసినవాణ్ణి చంకనేసుకునేది. టీచరు అప్పటికే ఫోనులో తలదూర్చి ఉండేది. 2021లో పోషణ్ ట్రాకర్ వచ్చినప్పటి నుంచి పిల్లల హాజరు, ఎత్తు, బరువు, గర్భిణులు, బాలింతలు అన్నీ అందులో ఎక్కాలి. రిజిస్టర్లూ పోలేదు. సిగ్నల్ కోసం ఫోను ఎత్తి పట్టుకుని వాకిట్లో తిరిగే ఆమెను పిల్లలు ఆటగా అనుకరించేవారు. తామూ చేతులెత్తి ఆమె వెనకాలే నడిచేవారు.

సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబర్ 2న దేశంలో 33 బ్లాకుల్లో మొదలైంది. అదనపు ఆహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, అవసరమైతే ఆసుపత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్య విద్య, పిల్లలకు బడికి ముందు చదువు - ఇవీ ఆరు సేవలు. కాగితం మీద ఆరు వరుసలు. ఆ రెండు గదుల్లో చూస్తే అన్నీ ఒక్కసారే జరిగేవి. సాంబారు ఉడుకుతుంటే ఒకడు ఒంటికి పోసుకునేవాడు. అదే సమయానికి బరువు చూపించుకోవడానికి బాలింత వచ్చేది. ఆయమ్మ ఎడం చేత్తో పిల్లాడి నిక్కరు మారుస్తూ, కుడి చేత్తో గరిటె తిప్పుతూ, నోటితో పాట పాడేది. మొదటి రోజు 'ఒక చేత్తో రెండూ కావ'ని నాతో అన్న మనిషి రోజంతా చేసే పని అదే.

ఆమె తండా మనిషి. మొదట్లో పెద్దవీధిలో రెండిళ్ళవాళ్ళు పిల్లలకి క్యారియర్ కట్టి పంపారట. టీచరు రెండు రోజులు చూసి క్యారియర్లు వాపసు పంపిందట. "గుడ్లు అందరికీ ఒకే దబరాలో ఉడుకుతాయి. వద్దంటే బిడ్డను ఇంట్లోనే పెట్టుకోండి" అని కబురు పెట్టిందట. నేను వెళ్ళేనాటికి అది పాత ముచ్చట. పిల్లలు ఒక్క వరసలో కూర్చుని తినేవారు. ఒకడి గుడ్డు పచ్చసొన ఇంకొకడి నోట్లోకి పోయేది. ఆ ఊళ్ళో మూడు వీధులూ ఒక తండా కలిసి తినే చోటు ఇంకొకటి నాకు కనబడలేదు.

గోడ మీద అట్టల చార్టు ఉంది. అందులో జంతువులు, కూరగాయలు. గేదె బొమ్మ చూపించి ఇదేమిటంటే పిల్లలు "ఎనుము" అంటారు. ఉల్లిపాయ "ఎర్రగడ్డ". బంగాళాదుంప "ఉర్లగడ్డ". వేరుశనగ "చెనిక్కాయ". టీచరు ముందు వాళ్ళ మాట ఒప్పుకుని, ఆ తర్వాత "పుస్తకంలో దీన్ని గేదె అని రాసుకున్నారు" అని చెప్పేది. 'రాసుకున్నారు' అన్న ఆ మాట నాకు బాగా నచ్చింది. పుస్తకం కూడా ఎవరో ఒకరి ఊరిదేనని మూడేళ్ళ పిల్లలకి అంత తేలిగ్గా చెప్పడం నేను ఏ తరగతి గదిలోనూ వినలేదు.

తండా నుంచి వచ్చే మూడేళ్ళ పిల్లాడొకడు రెండు నెలలపాటు నా ఎదుట నోరు విప్పలేదు. ఆగస్టు చివర్లో నా పుస్తకంలో "మాటలు ఆలస్యం, వైద్యులకు చూపించాలి" అని రాసుకున్నాను. టీచరుకి చెప్పేముందు ఆయమ్మకి చెప్పాను. ఆమె చేస్తున్న పని ఆపి నా వంక జాలిగా చూసింది. "వాడు మాట్లాడతానే ఉండాడు మేడమ్. నీకే ఇనపళ్ళా" అంది. మర్నాడు చెవి పెట్టి విన్నాను. దాహమైనప్పుడు వాడు ఆమె కొంగు లాగి "పాణి" అంటున్నాడు. నిద్రొచ్చినప్పుడు "యాడి" అని గొణుగుతున్నాడు. యాడి అంటే అమ్మ. వాడి మాటలన్నీ ఆయమ్మ కొంగులోకే పోతున్నాయి. మాతృత్వం మీద డాక్టరేటు తెచ్చుకున్న నేను, మూడడుగుల దూరంలో కూర్చుని, ఒక బిడ్డ అమ్మా అనడం రెండు నెలలు వినలేకపోయాను.

ఈ ప్రాంతంలో చదువు గురించి ఆలోచించినవాళ్ళకి కొదవ లేదు. జిడ్డు కృష్ణమూర్తి పుట్టింది మదనపల్లెలో. ఆయన పేరుతో ముడిపడిన రిషి వ్యాలీ ఆ కొండకి దగ్గర్లోనే ఉంది. అక్కడి గ్రామీణ విద్యా కేంద్రం నుంచి పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బడులు పెట్టి, ఒకే గదిలో అన్ని తరగతుల పిల్లలూ తమ తమ వేగంతో మెట్టుమెట్టుగా నేర్చుకునే కార్డుల పద్ధతి రూపొందించారు. 1995లో కర్ణాటకలో హెగ్గడదేవనకోట తాలూకాలో మొదలైన 'నలి-కలి'కి ప్రేరణ ఇదే. పిల్లల సొంత మాటతో మొదలుపెట్టాలన్నది విద్యావేత్తలు ఎన్నో ఏళ్ళు శ్రమించి చేరుకున్న అవగాహన. మూడో తరగతిలో బడి మానేసిన ఆయమ్మకి అది రోజూ చేసే పని. ఆమె చేస్తే అది ఎందుకో పద్ధతి అనిపించుకోదు. తల్లి మనసు అనిపించుకుంటుంది.

పద్ధతికి పేరు ఎవరిదవుతుంది అన్న ప్రశ్న ఆ ఏడాది నన్ను వదల్లేదు. మరియా మాంటిస్సోరి తన మొదటి 'పిల్లల ఇల్లు' తెరిచింది 1907 జనవరిలో, రోమ్ నగరంలో పనికిపోయే తల్లులుండే ఒక పేదవాడలో. అక్కడ రోజూ పిల్లల్ని చూసుకున్నది ఆ భవనం కాపలాదారు కూతురు. మాంటిస్సోరి పెళ్ళి లేకుండా కన్న కొడుకు మారియో, చిన్నప్పుడు తల్లి దగ్గర కాకుండా పల్లెటూళ్ళో ఇంకొకరి ఇంట పెరిగాడు. లోకమంతటి పిల్లల గురించి ఆలోచించిన తల్లి బిడ్డను కూడా ఎవరో ఒకామె సాకింది. 1939లో దివ్యజ్ఞాన సమాజం పిలుపు మీద మాంటిస్సోరి అడయారుకి వచ్చినప్పుడు మారియో ఆమె వెంటే ఉన్నాడు. వాణ్ణి సాకినామె పేరు మనకెవరికీ గుర్తులేదు.

అంగన్‌వాడీ అనే మాట మాత్రం మన ఆడవాళ్ళ వాకిళ్ళలోంచి పుట్టింది. తారాబాయి మోడక్ 1945లో మహారాష్ట్ర తీరంలోని బోర్డీలో గ్రామ బాల శిక్షా కేంద్రం పెట్టినప్పుడు పిల్లలు బడికి రాకపోతే బడే వాళ్ళ వాకిట్లోకి వెళ్ళింది. అంగన్ అంటే ముంగిలి. ఆమెతో కలిసి పనిచేసిన అనుతాయి వాఘ్ పదమూడేళ్ళకే పెళ్ళయి, కొద్ది నెలలకే భర్తను పోగొట్టుకున్న మనిషి. ఆ తర్వాత కోస్బాడ్‌లో వార్లీ ఆదివాసుల మధ్య వాళ్ళిద్దరూ పసిపిల్లల్ని చూసుకునే చోటు, బాలవాడి, ప్రాథమిక బడి మూడింటినీ ఒకే కప్పు కిందికి తెచ్చారు. చంకలో తమ్ముడుంటే అక్క పలక పట్టుకోలేదని వాళ్ళు కళ్ళారా చూశారు. ఆ కారణం ఎంత పెద్దదో నాకు పుస్తకంలో చదివినప్పుడు తెలియలేదు, డిసెంబరులో తెలిసింది.

దానికి ముందు టమోటా సంగతి చెప్పాలి. మదనపల్లె చుట్టుపక్కల ఆడవాళ్ళ కాలం టమోటా చేతుల్లో ఉంటుంది. 2023 జూలై చివరికి మదనపల్లె మార్కెట్లో మొదటిరకం టమోటా కిలో దాదాపు రెండు వందలు పలికింది. పత్రికలన్నీ టమోటాతో కోటీశ్వరులైన రైతుల గురించి రాశాయి. ఆ నెలంతా మా కేంద్రం నిండుగా ఉంది. తల్లులు తెల్లవారకముందే ఆటోల్లో కోతలకి పోయేవారు. సాయంత్రం నాలుగు దాటినా ఇద్దరు ముగ్గురు పిల్లలు ఆయమ్మ దగ్గరే ఉండేవారు. సెప్టెంబరుకల్లా ధర పడిపోయింది. కోసినా కూలి గిట్టదని కొన్ని తోటలు అలాగే వదిలేశారు. తల్లులు ఇళ్ళలో ఉండిపోయారు, హాజరు తగ్గింది. హాజరు తగ్గినందుకు టీచరు సంజాయిషీ రాసుకోవలసి వచ్చింది. కారణం గడిలో ఆమె 'టమోటా' అని రాయలేదు, 'జ్వరాలు' అని రాసింది.

"యాడి" అని గొణిగే పిల్లాడికి ఒక అక్క ఉంది. తొమ్మిదేళ్ళు, నాలుగో తరగతి. తల్లి ఆరింటికే కోతలకి పోతే, తమ్ముడికి ముఖం కడిగి, చొక్కా తొడిగి, అర కిలోమీటరు నడిపించుకొచ్చి మా గడప దగ్గర వదిలి, బడి గంట వినబడుతుంటే పరుగు తీసేది. ఒక్కోసారి జడ సగమే అల్లుకుని ఉండేది. ఆయమ్మ ఆ సగం జడ అల్లి పంపేది. ఆ నిమిషం సేవ ప్రభుత్వం రాసిన ఆరు సేవల్లో లేదు.

2023 డిసెంబర్ 12న రాష్ట్రమంతటా అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు సమ్మెకు దిగారు. అప్పటికి కార్యకర్తకి నెలకి 11,500, ఆయాకి 7,000 రూపాయలు. అందులో కేంద్ర ప్రభుత్వ లెక్క ప్రకారం 4,500, 2,250. దాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. 26 వేల కనీస వేతనం, గ్రాట్యుటీ వాళ్ళ ముఖ్యమైన డిమాండ్లు. వాళ్ళవి ప్రభుత్వ పోస్టులు కావని 2006లో అమీర్బీ కేసులో సుప్రీంకోర్టు అంది. 2022 ఏప్రిల్‌లో మణిబెన్ కేసులో అదే కోర్టు, వాళ్ళు 1972 నాటి గ్రాట్యుటీ చట్టం కిందికి వస్తారని చెప్పింది. మధ్యలో పదహారేళ్ళు. ఆ పదహారేళ్ళలో ఎంతమంది ఆయమ్మలు ఒట్టి చేతులతో ఇంటికి పోయి ఉంటారో!

టీచరు, ఆయమ్మ తాళం వేసి మదనపల్లెలో టెంటు కిందికి వెళ్ళారు. నేను వాళ్ళ పక్షం. ఒకటి రెండు రోజులు వెళ్ళి వాళ్ళతోపాటు కూర్చున్నాను కూడా. నాలుగో రోజున పెద్దవీధి తల్లులు నన్నడిగారు. "నువ్వు ఎట్లా వస్తావు గదా మేడమ్, రామాలయం అరుగు మీద పిల్లోళ్ళను కూసోబెట్టుకో. మేం బియ్యం, పప్పు ఇస్తాం" అన్నారు. చాలా న్యాయంగా అనిపించింది. పిల్లలు, కథలు, అరుగు. రాసుకునే మేడమ్‌ని అని కాకుండా ఒక పనికొచ్చే మనిషినని వాళ్ళు అనుకోవడం లోలోపల సంతోషం కూడా కలిగించింది. అయినా టీచర్ని ఒక మాట అడుగుదామని టెంటుకి వెళ్ళాను.

ఆమె కోప్పడలేదు. "పెట్టుకో అక్కా. కానీ నువ్వు డబ్బు తీసుకోకుండా చేస్తావు. అప్పుడు ఈ పని డబ్బులేకుండా కూడా అవుతుందని ఊరికి తెలుస్తుంది. పదిహేడేళ్ళుగా మేం కాదంటున్నది అదే" అంది. నాకు మాట రాలేదు. తల్లుల దగ్గరికి వెళ్ళి, నేను పెట్టుకోలేనని చెప్పాను. చదువుకున్నదానికి కూలోళ్ళ కష్టం ఏం తెలుస్తుందని ఒకామె నా ఎదుటే అంది.

ఆ నిర్ణయం సరైనదేనని ఇప్పటికీ అనుకుంటాను. దాని ఖరీదు నేను కట్టలేదని కూడా తెలుసు. కట్టింది ఆ తొమ్మిదేళ్ళ పిల్ల. తల్లి కోతలకి పోవాలి, తమ్ముణ్ణి చూసుకోవాలి, తాళం పడింది. రెండో వారం తండాకి వెళ్తే ఆ పిల్ల తమ్ముణ్ణి నడుం మీద వేసుకుని, పొయ్యిలో పుల్లలు సర్దుతోంది. బడికి వెళ్ళడం లేదా అంటే "వీడు?" అంది. ఆ ఒక్క మాటే. సమ్మె హక్కు గురించి నాకు తెలిసినదంతా ఆ మాట ముందు తడబడింది. సాకే పని చేసే ఆడవాళ్ళు పని ఆపితే అది ఆగదు. తమకన్నా చిన్న ఆడపిల్ల చేతిలోకి జారుతుంది. ఆ కిందికి ఇంకెవరూ లేరు.

ఈలోగా పెద్దవీధి తల్లులు తమదైన దారి వెతుక్కున్నారు. ఎనిమిది ఇళ్ళవాళ్ళు కలిశారు. వంతులవారీగా రోజుకొకరు కూలి మానుకుని అరుగు మీద పిల్లల్ని చూసుకోవాలి. పోయిన కూలి నాలుగు వందలు కాబట్టి, తక్కినవాళ్ళు తలా యాభై ఇచ్చారు, యాభై ఆమె సొంతం కింద వదులుకుంది. ఎవరూ చర్చ పెట్టలేదు, తీర్మానం చేయలేదు. కానీ బిడ్డల్ని చూసుకోవడానికి ఆ ఊళ్ళో మొదటిసారి ఒక ధర కట్టారు. ఎనిమిది మంది పిల్లలకి రోజుకి నాలుగు వందలు. అదీ వంట లేకుండా, ఫోను లేకుండా, టీకాలు లేకుండా.

అంత తెలివైన ఏర్పాటులో తండా లేదు. ఆ ఆరుగురు పిల్లల్ని ఎవరూ పిలవలేదు. ఎందుకని అడిగాను. "వాళ్ళు దూరం గదా మేడమ్" అన్నారు. అంగన్‌వాడీ తెరిచి ఉన్నప్పుడు అదే అర కిలోమీటరు ఆయమ్మ కాళ్ళ కింద రోజూ దగ్గరయ్యేది. పల్లెవీధి పిల్లలూ అరుగెక్కలేదు. ఉర్దూ ఇళ్ళ పిల్లలు వాళ్ళ వాకిళ్ళలో వాళ్ళు. తాళం పడిన పది రోజులకే పందొమ్మిది మంది పిల్లలు మళ్ళీ ఎవరి వీధికి వాళ్ళు చేరారు. చెల్లెళ్ళలాగా, తమ్ముళ్ళలాగా కలిసి తింటున్నారని నేను మురిసిపోయిన ఆ వరస, ఇద్దరు ఆడవాళ్ళు రోజూ పట్టుకుని నిలబెట్టిన వరస. వాళ్ళు చేతులు తీయగానే నిలబడలేదు.

జనవరి 6న ప్రభుత్వం సమ్మె మీద ఎస్మా ప్రయోగించింది. అత్యవసర సేవల చట్టమన్న మాట. గౌరవంతో చేసే పనికి ఇచ్చేది గౌరవ వేతనమే, ఆపితే మాత్రం అది అత్యవసర సేవ. టెంటు కింద ఈ మాట చెప్పుకుని ఆడవాళ్ళు నవ్వుకున్నారు. 42 రోజుల తర్వాత, జనవరి 22న సమ్మె విరమించారు. కొన్ని డిమాండ్లు ఒప్పుకున్నారు. జీతం పెంపు హామీగానే మిగిలింది.

తాళం తీసిన రోజు పొద్దున ఆయమ్మ ఏమీ మాట్లాడకుండా గదులు కడిగింది. ఎలుకలు కొరికిన చార్టులో ఎనుము కాలు పోయింది. తర్వాత తండా వైపు వెళ్ళి, పిల్లాణ్ణి చంకనేసుకుని, అక్కను చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది. సంక్రాంతి సెలవులు పోను ఆ పిల్లకి నాలుగు వారాల బడి పోయింది. మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక నేను ఉండబట్టలేక ఆ మాట ఎత్తాను. మీరు తాళం వేసినందుకే కదా ఆ పిల్ల బడి మానింది అని అడగలేదు గానీ, అలాంటిదేదో అన్నాను. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూ తలెత్తకుండానే చెప్పింది.

"నాకు తెల్దా మేడమ్? నేనూ తమ్ముణ్ణి ఎత్తుకునే మూడో తరగతిలో మానుకున్నా. అప్పుడు ఏ సమ్మే లేదు. అంగనోడీనే లేదు."

ఆ మధ్యాహ్నం ఇంటికి వచ్చి నా థీసిస్ తీశాను. మొదటి పేజీల్లో కృతజ్ఞతలు ఉన్నాయి. గైడ్‌కి, గ్రంథాలయ సిబ్బందికి, మిత్రులకి, భర్తకి, అత్తమామలకి. నేనా నాలుగొందల పేజీలు రాస్తున్న నాలుగేళ్ళూ మా అమ్మాయిని పొద్దున్నుంచి సాయంత్రం దాకా చూసుకున్నామె పేరు లేదు. మరిచిపోలేదు. ఆమెను కృతజ్ఞత చెప్పే వరసలో ఊహించలేదు, నెలనెలా డబ్బిచ్చాం కదా అన్న లెక్కలో వదిలేశాను. లోపల పేజీల్లో వెతికాను. నేను విశ్లేషించిన కథల్లో చదువుకున్న తల్లి ఒంటరిగా కిటికీ దగ్గర కూర్చుని తన బతుకు గురించి ఆలోచించే చోట్లు చాలా ఉన్నాయి. ఆ సమయంలో బిడ్డ ఎవరి చేతిలో ఉంది? కొన్ని కథల్లో ఒక్క వాక్యం ఉంది, పనిమనిషి బిడ్డను తీసుకెళ్ళిందని. ఆ వాక్యం మీద నేనొక్క మాట కూడా రాయలేదు. మిత్రురాలు అన్నది సగమే నిజం. నా థీసిస్‌లో లేనిది బిడ్డ ఒక్కటే కాదు. బిడ్డను ఎత్తుకున్న ఇంకో ఆడమనిషి కూడా లేదు. మాతృత్వం పితృస్వామ్యం మోపిన బరువని మనం వాదించాం, అది నిజం. ఆ బరువు దించుకున్నప్పుడు దాన్ని ఎవరి తల మీద పెట్టామన్న ప్రశ్న మనలో చాలామందికి ఇంకా చిరాకే.

ప్రతి పొద్దునా ఆ పిల్లలు తప్పులతడకగా జనగణమన పాడేవారు. ఆ పాటని రవీంద్రనాథ్ టాగూర్ ఇంగ్లీషులోకి మార్చింది 1919 ఫిబ్రవరిలో, మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో. వరసని స్వరాలుగా రాసిపెట్టింది మార్గరెట్ కజిన్స్. 1917లో విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ పెట్టినవారిలో, 1927లో అఖిల భారత మహిళా సభకి పునాది వేసినవారిలో ఆమె ఉంది. ఆడవాళ్ళకి ఓటు అడిగిన మనిషి. ఆమె కూర్చున్న ఊరికి అంత దగ్గర్లో, నూరేళ్ళు దాటాక, ఓటున్న ఆడవాళ్ళు తాము చేసేది పనేనని ఒప్పించడానికి 42 రోజులు రోడ్డు మీద కూర్చున్నారు.

ఆ నాలుగు వారాల్లో నాలుగో తరగతిలో భాగహారం చెప్పేశారట. ఫిబ్రవరి నుంచి సాయంత్రాలు ఆ పిల్లని కేంద్రం వాకిట్లో కూర్చోబెట్టుకుని లెక్కలు చెప్పాను. నా తప్పుకి ప్రాయశ్చిత్తం అనుకున్నానేమో, ఆ పిల్లకి మాత్రం అది లెక్కే. ఏప్రిల్‌లో ఒకరోజు ఉత్త అంకెలు విసుగొస్తున్నాయంటే, ఆయమ్మ జీతం లెక్కకట్టమన్నాను. నెలకి ఏడు వేలు, పనిరోజులు ఇరవై ఆరు. ఇద్దరం కలిసి పలక మీద చేశాం. 269 వచ్చింది, ఇంకా కొంచెం మిగిలింది. రామాలయం అరుగు మీద వంట లేకుండా ఎనిమిది మంది పిల్లలకి నాలుగు వందలు. ఇక్కడ పందొమ్మిది మందికి ఇంతే. ఆ పిల్ల రెండు అంకెలూ పక్కపక్కన రాసి చూసుకుంది.

ఆయమ్మ గిన్నెలు తోముతూ అంతా వింటోంది. "ఇరవై ఆరు ఎవురు చెప్పినారు?" అంది. ఆదివారాలు తీసేశామన్నాను.

"ఆదివారం వచ్చి నీళ్ళు పట్టకపోతే సోమారం సంగటెట్లా, సాంబారెట్లా? పాలొచ్చేది ఆదివారమొస్తే దించుకునేది ఎవురు? ముప్పై ఎయ్యి పాపా."

ఆ పిల్ల పలక తుడిచి, ముప్పైతో మొదటి నుంచి మొదలుపెట్టింది. సున్నాకి సున్నా కొట్టేయొచ్చని ఈసారి నేను చెప్పకముందే కొట్టేసింది. 233 వచ్చింది. శేషం పది రూపాయలని పక్కన రాసి, పలక తీసుకెళ్ళి ఆయమ్మకి చూపించింది.

నా నోటు పుస్తకంలో ఇరవై ఆరుని కొట్టేసి ముప్పై రాసుకున్నాను.